నీళ్లకు పద్దేంది

మా చర్చిల ఫ్యాన్లు ఆరు.
రెక్కరెక్కకు ఎర్రరంగుతోటి పేర్లు.
మూడో ఫ్యాను మా నాయనది:
కీర్తిశేషులు గుర్రం దేవసహాయం జ్ఞాపకార్థం.
పెయింటరుకు చోటు చాలక
'సహాయం' రెక్క కొసకు ఇరుక్కున్నది.

పదమూడేండ్ల సంది సంఘం పద్దు నాదే.
కందిపప్పు తెచ్చినోళ్లు, కోడిని తెచ్చినోళ్లు,
రసీదు అడిగి తీసుకున్నోళ్లు,
అడగలేక గడపకాడ నిలవడ్డోళ్లు,
అందరున్నరు నా నోటుబుక్కుల.

సాలమ్మ లేదు.

బాప్తిస్మంల ఆమెకు తబిత అని పెట్టిండ్రట.
మా వాడకట్టుల ఎవ్వలూ ఆ పేరుతోటి పిలువలే.
మర్రిగూడ దిక్కు నేలల నీళ్లు
ఆమె నడుమును కొడవలి లెక్క వంచినయి.
మోకాళ్ల మీద చేతులానిచ్చి నడుస్తది,
నేలతోటి ఏదో ముచ్చట పెట్టుకుంట పోతున్నట్టు.

కృష్ణ నీళ్లు నల్లాలకు రాకముందు
మా బోరింగు నీళ్లకు
పిల్లల పండ్లు పచ్చవడేది, పెద్దల కీళ్లు రాయయ్యేది.
శనివారం పొద్దుగూకినంక
సాలమ్మ వాగుల చెలిమె తోడేది.
ఇసుక తీసి, ఊట కోసం కూసోని,
గిద్దెడు గిద్దెడు ముంచి, బిందె నింపి,
చర్చి వాకిట్ల గోలెంల పోసేది.
మళ్ల ఇంకో బిందెకు పొయ్యేది.
తెల్లారి, పాటలు పాడి గొంతెండిన పిల్లలం
దోసిళ్లు పట్టి ఉరికేది.
వారానికొక్క దోసిలి
ఎముకలను కాపాడుతదా అని
నల్లగొండల డాక్టరునడిగిన.
ఆయన నవ్విండు.
నాకైతే ఆ నీళ్ల సల్లదనం ఇంకా
అంగిట్లనే ఉన్నది.

పోయిన కోతపండుగనాడు కరెంటు లేదు.
పాస్టరు అబ్నేరయ్య చెమటలు కక్కుకుంట చెప్పిండు:
పైన దాచుకోండ్రి, ఆడ చెదలు లేవు,
కన్నం వేసెటోడు లేడు.
నాకు పద్దుల బుద్ధి.
పక్కనే చాప మీదున్న సాలమ్మ దిక్కు వంగి
మెల్లగ లెక్కగట్టిన:
"ముప్పై ఒక్క ఏండ్లు, వారానికి రెండు.
అత్తా, మూడువేల రెండొందల ఇరవై నాలుగు బిందెలు!"

"నీళ్లకు పద్దేంది కొడుకా?
వాగు నాదా? వాన నాదా?
మోసుడొక్కటే నాది."

నేను ఊకోలే.
"మరి పైన కూలి వద్దా?"

శానసేపు ఏం మాట్లాడలే.
చాప పుల్ల ఒకటి గిల్లి పక్కకు పెట్టింది.
"కైకిలికి పోయిన దినాలల్ల
పొద్దుగూకంగ ఆసామి చేతి దిక్కు చూసేది.
కన్నతండ్రి చెలకల కైకిలి అడుగుతమా?"

అని, మళ్ల గొంతు తగ్గించి,
"ఒక్కటున్నది గాని.
మనిషి మొకం నిండుగ చూసి ఎన్నేండ్లాయెనో,
చెప్పులు చూసి పోల్చుకుంట అందర్ని.
ఆడ ఒక్కపారి నడుము సాపు చేస్తే
ఆయన మొకం చూడాలె."

ఇంకింత ఆగింది.
"చెయ్యకున్నా మంచిదే తీ.
కాళ్లైతే కనవడ్తయి గద.
ఎన్ని దుమ్ముల నడిచిన కాళ్లో.
కడుగుత. బిందె నాకు అలవాటే."

నేను నా చెప్పులు చూసుకున్న.
కొత్తయి. ఆమెకు ఎప్పుడో తెలిసే ఉంటది.

అప్పుడే కరెంటొచ్చింది.
మూడో ఫ్యాను కిర్రుమని కదిలింది.
మా నాయన పేరు
మొదలు అక్షరాలు అలుక్కపోయి,
ఎర్రగీతయి, గీత గుండ్రమై,
చూస్తుండంగనే లేకుంటవోయింది.
దాని కింద ముసలామె
కొంగుతోటి మెడ తుడుసుకొని
"సల్లగున్నది" అన్నది.

ఆ రాత్రి పద్దు రాసిన:
కందులు నాలుగు కిలోలు,
గుమ్మడికాయలు మూడు,
కోడి ఒకటి. కట్టు తెంపుకొని బల్ల కిందికి ఉరికితే
పట్టనీకె అర్ధగంట పట్టింది, అది రాయలే.
చివర్న ఒక గీత ఖాళీ ఇడిచిన.
ఆడిటుకొచ్చినాయన ఇదేందని అడిగితే
నీళ్లువడ్డయని చెప్త.